25వ డిస్ట్రిక్టు: తలల లెక్క వేరు, ఓట్ల లెక్క వేరు

డిస్ట్రిక్టు అనగానే మనకు జిల్లా, కలెక్టరాఫీసు గుర్తొస్తాయి. న్యూయార్క్ నగరంలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడి సిటీ కౌన్సిల్‌కు ఒక్కో సభ్యుణ్ని పంపే ప్రాంతాన్ని కౌన్సిల్ డిస్ట్రిక్టు అంటారు. మన కార్పొరేషన్లలో డివిజన్ అనో వార్డు అనో పిలిచేది దాదాపుగా దాన్నే. సైజులో మాత్రం పోలికే లేదు. 2020 జనగణన ప్రకారం న్యూయార్క్ జనాభా 88 లక్షల పైచిలుకు, కౌన్సిల్‌లో సీట్లు 51. అంటే ఒక్కో సీటు కింద సుమారు 1.73 లక్షల మంది ఉన్నట్టు. 2011 లెక్కల్లో తెనాలి పట్టణ జనాభా 1.65 లక్షలు. తెనాలి ఊరంతటికీ కలిపి ఒకే ఒక్క కౌన్సిలర్ ఉన్నాడనుకుంటే న్యూయార్క్ కౌన్సిల్ మెంబర్ పరిస్థితి కొంత అర్థమవుతుంది.

న్యూయార్క్ నగరం బరోలు అనే అయిదు పెద్ద భాగాలుగా ఉంటుంది. ఆ 51లో 25వ నంబరు డిస్ట్రిక్టు క్వీన్స్ అనే బరోలో ఉంది. ప్రధానంగా రెండు పేటలు: ఉత్తరాన జాక్సన్ హైట్స్, దక్షిణాన ఎల్మ్‌హర్స్ట్. న్యూయార్క్‌లో చీర కొనాలన్నా, పెళ్లికి బంగారం చూడాలన్నా, కరివేపాకు కావాలన్నా ఒకప్పుడు భారతీయులంతా దిగిన చోటు జాక్సన్ హైట్స్ 74వ వీధి. 2021 ఎన్నికల్లో ఇక్కడ గెలిచిన శేఖర్ కృష్ణన్, ఆ కౌన్సిల్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయ అమెరికన్. అదే ఎన్నికలో బ్రూక్లిన్ నుంచి బంగ్లాదేశీ కుటుంబానికి చెందిన షహానా హనీఫ్ గెలిచారు. దక్షిణాసియా వాళ్లు దశాబ్దాలుగా ఉంటున్న నగరంలో కౌన్సిల్ గడప తొక్కడానికి 2021 దాకా పట్టింది. ఎందుకు పట్టిందో తెలియాలంటే డిస్ట్రిక్టు గీత ఎలా గీస్తారో, ఆ గీత లోపల ఎవరికి ఓటుందో, ఎవరికి లేదో చూడాలి.

ముందు పేట సంగతి. న్యూయార్క్‌లో పేటలకు చట్టబద్ధమైన హద్దులు లేవు. జాక్సన్ హైట్స్ ఎక్కడ ఆగుతుంది, ఎల్మ్‌హర్స్ట్ ఎక్కడ మొదలవుతుంది అంటే ఒక్కొక్కరూ ఒక్కో వీధి చెబుతారు. ఇళ్ల బ్రోకర్లయితే పేరున్న పేటను కావలసినంత సాగదీస్తారు. శంకర్‌పల్లి ప్లాటును 'గచ్చిబౌలికి దగ్గరే' అని అమ్మే విద్య మనకూ కొత్త కాదు. ఈ రెండు పేటల మధ్య మాత్రం చాలామంది ఒప్పుకునే హద్దు ఒకటుంది, రూజ్‌వెల్ట్ అవెన్యూ.

ఆ రోడ్డు మీద నిలబడితే ఆకాశం సరిగా కనిపించదు. ఇనుప స్తంభాల మీద ఏడో నంబరు రైలు పోతుంటుంది. రైలు వచ్చినప్పుడు కింద ఫోన్ మాట్లాడేవాళ్లు నోరు కట్టేసుకుంటారు, అది వెళ్లిపోయాక 'ఆఁ, చెప్పు' అని మళ్లీ అందుకుంటారు. 74వ వీధి దగ్గర ఏడో నంబరు రైలు దిగి మెట్ల మీదుగా కిందికి వెళ్తే ఈ, ఎఫ్, ఎం, ఆర్ రైళ్లు దొరుకుతాయి. స్టేషన్ బయట 37వ రోడ్డు మీద డైవర్సిటీ ప్లాజా అని కార్లు రాకుండా మూసేసిన చిన్న జాగా ఉంది. ఓ పక్క నేపాలీ మోమోలు, ఇంకో పక్క బంగ్లాదేశీ కిళ్లీ కొట్లు, మధ్యలో ఢాకా రాజకీయాల మీద గట్టిగా వాదించుకునే పెద్దమనుషులు. (క్వీన్స్‌లో 37వ రోడ్డు వేరు, 37వ అవెన్యూ వేరు, 37వ స్ట్రీట్ ఇంకా వేరు. కొత్తగా వచ్చినవాళ్లు ఒక్కసారైనా దారి తప్పుతారు.)

ఈ రూజ్‌వెల్ట్ అవెన్యూకి అటు ఒక ప్రభుత్వం, ఇటు ఒక ప్రభుత్వం అన్నట్టుంటుంది. ఉత్తరం వైపు ఫుట్‌పాత్ మీద పర్సు పోతే 115వ నంబరు పోలీసు ప్రిసింక్టుకు వెళ్లాలి, దక్షిణం వైపు పోతే 110వ దానికి. కమ్యూనిటీ బోర్డు అనే సలహా మండలి అటు 3వది, ఇటు 4వది. స్కూళ్లకూ అంతే, జాక్సన్ హైట్స్ ప్రధానంగా 30వ స్కూలు డిస్ట్రిక్టులోకి, ఎల్మ్‌హర్స్ట్ 24వ దానిలోకి వస్తాయి. ఇన్ని గీతలు రెండు పేటల్నీ విడదీస్తుంటే కౌన్సిల్ డిస్ట్రిక్టు మాత్రం రెండింటినీ కలుపుతుంది. పూర్తిగా కలుపుతుందా అంటే అదీ లేదు. ఎల్మ్‌హర్స్ట్‌లో కొంత భాగం పక్క డిస్ట్రిక్టుల్లోకి పోయింది. రోడ్డు మీద తోపుడుబళ్ల గొడవ వస్తే ఒకే వీధి కోసం ఇద్దరు కౌన్సిల్ మెంబర్లు, రెండు ప్రిసింక్టులు, రెండు బోర్డులు కూర్చుని మాట్లాడుకోవాల్సి రావచ్చు. పని ఆలస్యమవడానికి ఇంతకంటే వేరే కారణం అక్కర్లేదు.

జాక్సన్ హైట్స్ పుట్టుక చూస్తే ఇప్పటి రూపం ఊహించడం కష్టం. 1909లో క్వీన్స్‌బరో వంతెన తెరుచుకుని మన్‌హటన్‌కు దారి పడింది. ఆ రోజుల్లోనే ఎడ్వర్డ్ మెక్‌డూగల్ అనే వ్యాపారి తన క్వీన్స్‌బరో కార్పొరేషన్ తరఫున ఇక్కడి పొలాలు కొన్నాడు. 1917లో రైలు వచ్చింది. మధ్యలో పెద్ద తోట, చుట్టూ ఫ్లాట్లు, తోటలోకి బయటివాళ్లకు ప్రవేశం లేదు. మన గేటెడ్ కమ్యూనిటీకి తాత అనుకోవచ్చు. పేరులో 'హైట్స్' ఉంది కాబట్టి కొండ వెతకనక్కర్లేదు, అది హుందా కోసం తగిలించిన మాట. యూదులకు, నల్లజాతి వాళ్లకు అక్కడ ఇళ్లు ఇచ్చేవారు కాదు. అలాంటి చోటికి 1965 వలస చట్టం తర్వాత కొలంబియా, ఈక్వెడార్, భారత్, ఆ తర్వాత బంగ్లాదేశ్, నేపాల్, టిబెట్ జనం వచ్చి చేరారు. ఎవర్నీ రానివ్వకూడదని కట్టిన ఫ్లాట్లలో ఇప్పుడు ప్రపంచంలో సగం భాషలు వినిపిస్తాయి. ఆ పాత కట్టడాలున్న భాగాన్ని 1993లో నగరం చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. తోటలు ఇప్పటికీ చాలావరకు ఆయా అపార్ట్‌మెంట్ల వాళ్లవే, బయటివాళ్లు గేటు సందుల్లోంచి చూడాల్సిందే. పేటలో పార్కుల కోసం ఇంత పోరు ఎందుకు జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. పచ్చదనానికి కొదవ లేదు, జనం కాలు పెట్టే పచ్చదనమే తక్కువ.

డిస్ట్రిక్టు చరిత్ర చదవడానికి లైబ్రరీకి వెళ్లకపోయినా ఫరవాలేదు, వీధుల నేమ్‌బోర్డులు చూస్తే చాలు. వీధికి రెండో పేరు పెట్టాలంటే కౌన్సిల్ బిల్లు పాస్ చేయాలి, ఆ ప్రతిపాదన స్థానిక సభ్యుడి దగ్గరే మొదలవుతుంది. 74వ వీధికి 2004లో కల్పనా చావ్లా పేరు వచ్చింది, అంతకు ముందు ఏడాదే కొలంబియా షటిల్ ప్రమాదంలో ఆమె చనిపోయింది. పక్కనే ఉన్న 73వ వీధికి 2023లో 'బంగ్లాదేశ్ స్ట్రీట్' అని పేరు పెట్టారు. రెండు బోర్డుల మధ్య దూరం ఒక్క వీధి, తేడా 19 ఏళ్లు. ఆ 19 ఏళ్లలో ఆ బజారు చేతులు మారింది. 37వ అవెన్యూ, 78వ వీధి కలిసే మూల హూలియో రివేరా పేరుతో ఉంది. 1990లో కొందరు కుర్రాళ్లు అతను స్వలింగ సంపర్కుడని కొట్టి చంపేశారు. ఆ కోపంలోంచే 1993లో క్వీన్స్ ప్రైడ్ ఊరేగింపు ఇదే పేటలో మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ఒకరు డేనియల్ డ్రోమ్ అనే స్కూలు టీచరు. ఆ టీచరే 2009లో ఇక్కడి నుంచి గెలిచి 2021 చివరిదాకా కౌన్సిల్‌లో ఉన్నారు, చివరి నాలుగేళ్లు ఫైనాన్స్ కమిటీ చైర్మన్‌గా కూడా. ఇక 35వ అవెన్యూ మీద ఒక బోర్డులో అక్షరాల పక్కన చిన్న అంకెలుంటాయి, స్క్రాబుల్ ఆటలో ఉన్నట్టే. ఆ ఆట కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ బట్స్ ఈ పేటవాడే. 2008లో బోర్డు మాయమైతే 2011లో మళ్లీ పెట్టించారు. కౌన్సిల్ మెంబర్లు ఇలాంటి పనులకే పుట్టారని వెక్కిరించేవాళ్లు అక్కడా ఉన్నారు.

74వ వీధి చేతులు మారడంలో మనవాళ్ల పాత్ర కూడా ఉంది. డెబ్బైల్లో 220 వోల్టుల టీవీలు, మిక్సీలు అమ్మే షాపుతో మొదలైన ఆ బజారుకు న్యూజెర్సీ నుంచి, కనెటికట్ నుంచి శనివారాలు కార్లేసుకుని వచ్చేవారు. తర్వాత న్యూజెర్సీలోని ఎడిసన్, ఐసెలిన్ దగ్గర ఓక్ ట్రీ రోడ్డు పెరిగింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో వచ్చిన తెలుగు కుటుంబాలు ఎక్కువగా అటువైపే ఇళ్లు కొన్నాయి. ఈ సందర్భంలో ఒక తేడా చెప్పుకోవాలి. ఎడిసన్ టౌన్‌షిప్ కౌన్సిల్‌లో ఏడుగురు సభ్యులు, ఏడుగురినీ ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది. అక్కడ డిస్ట్రిక్టులే లేవు. ఒక కాలనీలో ఎంతమంది తెలుగువాళ్లున్నా 'మా వార్డు మెంబరు' అనేవాడు ఉండడు. ఊరంతా ఓటేస్తే ఎక్కువ మందున్న వర్గానికి అన్ని సీట్లూ దక్కే అవకాశం ఉంది. డిస్ట్రిక్టులుగా విడగొడితే చిన్న వర్గం కూడా ఒక మూల గుంపుగా ఉంటే చాలు, సీటు దక్కించుకోవచ్చు. అయితే ఆ మూలను గీత రెండు ముక్కలు చేయకూడదు. అసలు గొడవంతా అక్కడే.

న్యూయార్క్‌కు 51 డిస్ట్రిక్టులు రావడం వెనక ఒక సుప్రీంకోర్టు తీర్పుంది. 1989 దాకా నగరంలో బడ్జెట్, భూముల మీద అసలు పెత్తనం బోర్డ్ ఆఫ్ ఎస్టిమేట్ అనే మండలిది. అందులో అయిదు బరోల అధ్యక్షులకూ తలా ఒక ఓటు. 22 లక్షల జనాభా ఉన్న బ్రూక్లిన్‌కూ ఒకటే, మూడున్నర లక్షలున్న స్టాటెన్ ఐలాండ్‌కూ ఒకటే. ఒక మనిషికి ఒక ఓటు అనే సూత్రానికి ఇది విరుద్ధమని 1989 మార్చిలో కోర్టు కొట్టేసింది. అదే ఏడాది చార్టర్ (నగర పాలనకు మూలమైన నియమావళి) మార్చి బోర్డును రద్దు చేశారు, దాని అధికారాల్లో పెద్ద వాటా కౌన్సిల్‌కు వచ్చింది, సీట్లు 35 నుంచి 51కి పెరిగాయి. డిస్ట్రిక్టు చిన్నదైతే నల్లజాతి, లాటినో, ఆసియా వర్గాలకు గెలిచే వీలు పెరుగుతుందన్నది అప్పటి వాదన. ఆసియా వాళ్ల విషయంలో అది వెంటనే ఫలించలేదు. 2001లో క్వీన్స్‌లోని ఫ్లషింగ్ నుంచి జాన్ లియూ గెలిచేదాకా కౌన్సిల్‌లో ఒక్క ఆసియన్ అమెరికన్ లేడు.

పదేళ్లకోసారి జనగణన తర్వాత గీతలు మళ్లీ గీయాలి. ఆ పని 15 మంది కమిషన్ చేస్తుంది. 2022లో ఆ కమిషన్ తను తయారుచేసుకున్న ప్రణాళికనే సెప్టెంబరులో 8–7 తేడాతో తిప్పికొట్టి, మార్పులు చేసి అక్టోబరులో ఆమోదించింది. అతి పెద్ద డిస్ట్రిక్టుకూ అతి చిన్నదానికీ మధ్య తేడా 5 శాతం దాటకూడదన్నది నిబంధన. వినడానికి బాగానే ఉంటుంది, గీసేటప్పుడు మాత్రం నరకం. ఒక పేటను కలపబోతే ఇంకో పేట తెగుతుంది. దక్షిణ బ్రూక్లిన్‌లో చైనీయులు ఎక్కువగా ఉన్న వీధుల్ని కలిపి 43వ డిస్ట్రిక్టును కొత్తగా రూపొందించారు, 2023లో అక్కడ సూసన్ జువాంగ్ గెలిచారు. అదే నగరంలో రిచ్‌మండ్ హిల్, సౌత్ ఓజోన్ పార్క్ ప్రాంతాల పంజాబీలు, గయానా, ట్రినిడాడ్‌ల నుంచి వచ్చిన భారత సంతతి జనం తమ పేటను ముక్కలు చేయొద్దని దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. జాక్సన్ హైట్స్ దక్షిణాసియా వాళ్లు వాళ్లకంటే తెలివైనవాళ్లూ కాదు, కష్టజీవులూ కాదు. వాళ్ల బజారు, వాళ్ల ఇళ్లు గీతకు ఒకే వైపున పడ్డాయి, అంతే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఈ తలనొప్పి వివరించనక్కర్లేదు. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను కలిపి జీహెచ్ఎంసీ వార్డులను 150 నుంచి 300 చేశారు. వార్డు పేరు ఒక కాలనీది, కాలనీ సగం పక్క వార్డులో. అభ్యంతరాలు చెప్పుకోవడానికి జనం పరుగులు తీశారు. ఒక పెద్ద తేడా ఏమిటంటే, మన కార్పొరేటర్ చేతిలో చట్టం చేసే అధికారం లేదు, రోజువారీ పెత్తనం ప్రభుత్వం వేసిన కమిషనర్‌ది. న్యూయార్క్ కౌన్సిల్ స్థానిక చట్టాలు చేస్తుంది, నగర బడ్జెట్‌ను ఆమోదిస్తుంది. 2025 జూన్‌లో ఆమోదించిన బడ్జెట్ దాదాపు 116 బిలియన్ డాలర్లు. ఆ ఏడాది తెలంగాణ రాష్ట్ర బడ్జెట్ రూ.3.04 లక్షల కోట్లు. డాలర్లలోకి మార్చి చూస్తే ఆ నగరం ఖర్చు ఈ రాష్ట్రం ఖర్చుకు మూడింతలు దాటుతుంది.

గీత గీసేటప్పుడు తలల్ని లెక్కపెడతారు. పౌరులా కాదా, పెద్దా పిల్లా అని చూడరు. జైల్లో ఉన్నవాళ్లను కూడా జైలున్న ఊళ్లో కాకుండా వాళ్ల సొంత ఇంటి అడ్రసులో లెక్కవేయాలని న్యూయార్క్ రాష్ట్ర చట్టం చెబుతుంది. ఆ లెక్కంతా వేశాకే సగటు 1,72,882 అని తేల్చారు. ఎన్నికల రోజున మాత్రం పౌరులకే ఓటు. నగరంలోని చాలా డిస్ట్రిక్టుల్లో ఈ రెండు లెక్కల మధ్య దూరం పెద్దగా పట్టించుకోరు. 25వ డిస్ట్రిక్టులో అసలు కథే అది. గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసేవాళ్లు, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు, ఆశ్రయం కోరినవాళ్లు, ఏ కాగితమూ లేనివాళ్లు ఇక్కడ ఎక్కువ. వాళ్లంతా ఉండబట్టే డిస్ట్రిక్టు ఈ సైజులో ఉంది. గెలిపించేది మాత్రం ఓటున్న మిగతావాళ్లే.

ఈ తేడాను తగ్గించాలని కౌన్సిల్ ఒకసారి గట్టిగానే ప్రయత్నించింది. 2021 డిసెంబరులో ఒక బిల్లు పాసైంది, 2022 జనవరిలో చట్టమైంది. గ్రీన్‌కార్డు గానీ పని చేసే అనుమతి గానీ ఉండి, నగరంలో 30 రోజులు ఉన్నవాళ్లు నగర ఎన్నికల వరకూ ఓటేయొచ్చు. మేయరుకు, కౌన్సిల్‌కు ఓటుంటుంది, దేశాధ్యక్షుడికి ఉండదు. 8 లక్షల మందికి పైగా ఓటర్లయ్యేవారు. హెచ్1బీ మీద క్వీన్స్‌లో అద్దెకుంటున్న తెలుగు కుర్రాడికి కూడా ఓటొచ్చేది. ఒక్క ఎన్నికలోనూ అది అమలు కాలేదు. 2022 జూన్‌లో స్టాటెన్ ఐలాండ్ జడ్జి కొట్టేశారు, 2024లో అప్పీలు కోర్టు సరేనంది, 2025 మార్చి 20న రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 6–1తో కథ ముగించింది. రాష్ట్ర రాజ్యాంగం ఓటు హక్కును పౌరులకే ఇచ్చిందన్నది తీర్పు సారాంశం. వింతేమిటంటే పౌరులు కానివాళ్లు ఓటేయడం ఆ నగరానికి కొత్త కాదు. 2002 దాకా ఉన్న స్కూలు బోర్డుల ఎన్నికల్లో పిల్లల తల్లిదండ్రులైతే చాలు, పాస్‌పోర్టు ఏ దేశానిదని అడిగేవారు కాదు.

ఓటు లేకపోయినా తలుపు పూర్తిగా మూసుకోలేదు. పార్టిసిపేటరీ బడ్జెటింగ్ అని ఒక పద్ధతి 2011లో నలుగురు కౌన్సిల్ మెంబర్లతో మొదలైంది. అందులో చేరిన డిస్ట్రిక్టుల్లో కనీసం 10 లక్షల డాలర్లు దేనికి ఖర్చు పెట్టాలో జనమే ఓటేసి చెబుతారు. 11 ఏళ్లు నిండిన పిల్లల నుంచి ఎవరైనా వేయొచ్చు, పౌరసత్వం అడగరు. స్కూలు బాత్రూముల రిపేరు, చెట్లు, బస్టాపు దగ్గర బోర్డు లాంటివి ఇందులో గెలుస్తుంటాయి. డబ్బు చిన్నదే, కానీ ఆరో తరగతి పిల్లకు ఓటుండి వాళ్ల నాన్నకు కౌన్సిల్ ఎన్నికలో లేకపోవడం అనే విచిత్రం ఇక్కడే చూడగలం.

ఎన్నికల చందా సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. గ్రీన్‌కార్డున్న మనిషి ఓటేయలేడు, చందా ఇవ్వగలడు. న్యూయార్క్‌లో స్థానిక అభ్యర్థికి నగరవాసి ఇచ్చే చిన్న చందాకు నగర ఖజానా ఎనిమిది రెట్లు కలుపుతుంది. పది డాలర్లిస్తే తొంభై అవుతుంది. కౌన్సిల్ అభ్యర్థికి ఆ డబ్బు రావాలంటే తన డిస్ట్రిక్టులోనే కనీసం 75 మంది చందాదారులుండాలి. అందుకని అభ్యర్థులు ఓటు లేని ఇళ్ల తలుపు కూడా కొడతారు. ఈ నిబంధన రాసినవాళ్లు అవినీతి తగ్గించాలనుకున్నారు, వలసవాళ్లకు చోటివ్వడం దానికి తోడుగా వచ్చింది.

భాష కూడా ఒక తలుపే. ఫెడరల్ చట్టం ప్రకారం క్వీన్స్‌లో బ్యాలెట్ ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్, చైనీస్, కొరియన్, బెంగాలీల్లో ఉంటుంది. 'ఏషియన్ ఇండియన్' భాష ఒకటి ఇవ్వాలని 2011లో లెక్క తేలితే ఎన్నికల అధికారులు ఎంచుకున్నది బెంగాలీ. బ్యాలెట్ మీదికి హిందీ రాలేదు, పంజాబీ రాలేదు. తెలుగు మాట ఎవరూ ఎత్తనే లేదు, ఎత్తేంత మంది తెలుగువాళ్లు ఆ బరోలో లేరు కూడా.

ఇక గెలిచిన సభ్యుడు ఏం చేయగలడు? చట్టాలు, బడ్జెట్ అందరితో కలిసి చేసే పని. ఒంటరిగా అతని మాట చెల్లేది భూమి మీద. ఎక్కడైనా ఉన్న నిబంధనల కంటే ఎత్తుగా, పెద్దగా కట్టాలంటే జోనింగ్ మార్చాలి. ఆ ఫైలు కమ్యూనిటీ బోర్డుకు, బరో అధ్యక్షుడికి, ప్లానింగ్ కమిషన్‌కు వెళ్లి చివరికి కౌన్సిల్‌కు వస్తుంది, మొత్తం ఆరేడు నెలలు. కౌన్సిల్‌లో దశాబ్దాలుగా ఒక ఆనవాయితీ ఉంది, ఏ డిస్ట్రిక్టు స్థలమో ఆ సభ్యుడు ఎటంటే మిగతా 50 మందీ అటే. రాసి పెట్టిన రూలేమీ లేదు. 'నీ ఇలాకాలో నేను వేలు పెట్టను, నా ఇలాకాలో నువ్వు పెట్టకు' అన్న ఒప్పందం. దీన్ని పేట ప్రజల గొంతు అని సమర్థించేవాళ్లున్నారు. ఇళ్లు కట్టనివ్వకుండా అడ్డుపడే వీటో అని తిట్టేవాళ్లున్నారు. రెండోవాళ్ల మాటకు 2025 నవంబరులో బలం వచ్చింది. ఓటర్లు చార్టర్ సవరణలు ఆమోదించారు, తక్కువ ఆదాయాల వారి ఇళ్ల ప్రాజెక్టును కౌన్సిల్ తోసిపుచ్చితే మేయరు, స్పీకరు, బరో అధ్యక్షుడు ముగ్గురిలో ఇద్దరు కలిసి దాన్ని తిరగదోడొచ్చు. అద్దెలు కట్టలేక నగరం వదిలిపోతున్న జనాన్ని చూస్తే ఆ ఓటు ఆశ్చర్యం కాదు. నష్టపోయేదెవరు అంటే, ఓటు లేకపోయినా కౌన్సిల్ మెంబర్ ఆఫీసుకెళ్లి కూర్చుని ఒత్తిడి తెచ్చే అద్దె ఇళ్లవాళ్లు కూడా. వాళ్లకు మేయరు ఆఫీసు గేటు అంత సులువుగా తెరుచుకోదు.

ఈ డిస్ట్రిక్టులో ఎక్కువగా మాట్లాడుకునే విషయం 34వ అవెన్యూ. 2020లో కరోనా రోజుల్లో 69వ వీధి నుంచి జంక్షన్ బూలెవార్డ్ దాకా 26 బ్లాకులు, 1.3 మైళ్ల రోడ్డుకు అడ్డంగా బారికేడ్లు పెట్టి కార్లు ఆపేశారు. పార్కుల్లేని పేటలో జనం రోడ్డునే పార్కు చేసుకున్నారు. పొద్దున ఇంగ్లిష్ క్లాసులు, సాయంత్రం జుంబా, పిల్లల సైకిళ్లు. కరోనా పోయాక బారికేడ్లు తీసేయమన్నవాళ్లు, శాశ్వతం చేయమన్నవాళ్లు రెండు వర్గాలయ్యారు. పార్కింగ్ పోయిందన్నది మొదటి వర్గం గోల. గోలలో నిజం లేకపోలేదు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన టాక్సీ డ్రైవరుకు జుంబా కంటే పార్కింగే ముఖ్యం. అయినా ఆ రోడ్డు మూసే ఉంది. మీటింగులకు వచ్చి కూర్చునే ఓపిక, తీరిక ఉన్నది ఆ రోడ్డును కోరుకున్నవాళ్లకే మరి.

ఎల్మ్‌హర్స్ట్‌కు అలాంటి పోరాట వాసన తక్కువ. 1652 నాటి పాత ఊరు, ఒకప్పుడు న్యూటౌన్ అనేవారు. ఇప్పుడు చైనీస్, థాయ్, ఇండోనేషియన్ కుటుంబాలు, లాటినోలు, నేపాలీలు ఇరుకు ఇళ్లలో ఉంటారు. చారిత్రక ప్రాంతం అన్న హోదా లేదు, తోటల ఫ్లాట్లు లేవు. ప్రపంచం ఆ పేరు విన్నది 2020 మార్చిలో. ఎల్మ్‌హర్స్ట్ ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రోజులో 13 మంది కరోనాతో చనిపోయారు, బయట ఫుట్‌పాత్ మీద టెస్టు కోసం జనం తెల్లవారకముందే లైను కట్టారు. డెలివరీ కుర్రాళ్లు, వంటవాళ్లు, ఆయాలు. ఇంట్లో కూర్చుని పనిచేసే అవకాశం లేనివాళ్లు. ఒక్కో ఫ్లాట్‌లో రెండు మూడు కుటుంబాలు, జబ్బు చేస్తే వేరే గది ఉండదు.

మరుసటి ఏడాది సెప్టెంబరు 1న ఐడా తుపాను వాన ఆ రాత్రి దంచింది. నగరంలో చనిపోయిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ గదుల్లో మునిగిపోయినవాళ్లే, అందులో ఎక్కువమంది క్వీన్స్ వాళ్లు. ఎల్మ్‌హర్స్ట్‌లో, పక్కనున్న వుడ్‌సైడ్‌లో కూడా చావులున్నాయి. ఆ గదుల్లో చాలావాటికి అనుమతి ఉండదు. ఇన్స్పెక్టర్ వస్తే ఖాళీ చేయించి పంపేస్తాడు, కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. ఓనరుకు అద్దె కావాలి, అద్దెకున్నవాళ్లకు నీడ కావాలి. కాగితాల మీద అది బాయిలర్ గది. వీటిని క్రమబద్ధం చేసి, కిటికీ, రెండో దారి పెట్టించాలన్న డిమాండు పాతదే. రాష్ట్ర చట్టాలు, నిర్మాణ నిబంధనలు, డబ్బు మూడూ అడ్డమొచ్చి మెల్లగా కదులుతోంది.

జనగణన కష్టం కూడా ఈ బేస్‌మెంట్ల దగ్గరే మొదలవుతుంది. లేని గదిలో ఉన్న మనిషిని ఎవరు లెక్కపెడతారు? తలుపు కొట్టింది గణకుడో ఇమిగ్రేషన్ వాడో లోపలున్నవాళ్లకు తెలియదు. వాళ్లు తలుపు తీయకపోతే డిస్ట్రిక్టు కాగితం మీద చిన్నదవుతుంది, సైజు సరిపోవడానికి గీత పక్క పేటలోకి జరుగుతుంది, ఒకే కౌన్సిల్ మెంబర్ ఆఫీసు ముందు లైను ఇంకాస్త పొడవవుతుంది. 2020లో స్వచ్ఛంద సంస్థలు ఈ డిస్ట్రిక్టులో స్పానిష్, బెంగాలీ, నేపాలీ, టిబెటన్, మాండరిన్ కరపత్రాలతో తిరిగింది అందుకే. వచ్చే జనగణన 2030లో. ఆ లెక్కలతో కొత్త కమిషన్ కూర్చుని రూజ్‌వెల్ట్ అవెన్యూకి అటూ ఇటూ మళ్లీ గీతలు గీస్తుంది.